మూడో మడి

వేలూరు,
24 జనవరి 2025

మామకు హేమ నమస్కారాలు.

బుధవారం మా కాలేజీ వ్యాను మీ గడపలో ఆగినప్పుడు అత్తమ్మ పెళ్ళివారు దిగినంత హడావిడి పడింది. ఒక వ్యానులో మూడు శాఖలవాళ్ళం ఎందుకు దిగామో మీకు అక్కడ సరిగ్గా చెప్పలేకపోయాను. మా కాలేజీలో విత్తనాలవాళ్ళకు ఎలక్ట్రానిక్స్ వాళ్ళ ముఖం తెలియదు, వాళ్ళకు చెవి పరిశోధన వాళ్ళ గది ఎక్కడుందో తెలియదు. కానీ డీజిలు ఖర్చు మాత్రం అందరికీ కలిపి ఒకటే మంజూరు చేశారు. కాబట్టి ముగ్గురి పరిశోధనా ఒకే ఇంట్లో జరగాలన్నారు. ఆ ఇల్లు మా మామదే కావాలని నేను పట్టుబట్టాను. నా పీహెచ్‌డీ అంతా మీ చేలో ఉంది. అది వేరే ఎవరి చేతుల్లో పెట్టినా నాకు నిద్ర పట్టదు.

మీరు నాకు ఫోనులో "ఆఁ, ఆఁ" అంటే ఏది వినపడి అన్నారో, ఏది వినపడక అన్నారో నాకు ఎప్పుడూ తెలియదు. అందుకే ఉత్తరం. మా ఇంట్లో తెలుగు మాట్లాడనివాళ్ళు లేరు, కానీ అందరం తమిళ బడిలో చదివినవాళ్ళమే, తెలుగు చదవగలిగింది నేనొక్కదాన్నే. అదైనా మీరు ఎండాకాలం సెలవుల్లో పలక మీద దిద్దించారు కాబట్టి.

ఇక పని. నాలుగు మడులు. ఒకటో దాంట్లో మీరు ఎప్పుడూ వేసే చెనక్కాయ విత్తనం, రెండో దాంట్లో మా కొత్త విత్తనం. ఈ రెండింటికీ మామూలుగా నీళ్ళు పెట్టండి. మూడో దాంట్లో కొత్త విత్తనం, నాలుగో దాంట్లో మీ పాత విత్తనం. ఈ రెండింటికీ ఫిబ్రవరి 21 వరకే నీళ్ళు. ఆ తర్వాత ఒక్క చుక్క కూడా వద్దు. ఎండిపోతే ఎండిపోనివ్వండి. కొత్త విత్తనం ఎండను ఎంతవరకు ఓర్చుకుంటుందో చూడడమే నా పని. మిగతావి మీ చేలో పనిచేసే మారి విత్తింది. మూడోది నా పరిశోధనకు ప్రాణం కనుక నా చేతులతోనే విత్తాను.

ఉదయకుమార్ అని ఒకతను నాలుగు మడుల్లో నాలుగు కడ్డీలు పాతాడు కదా, అవి మట్టిలోని తేమను కొలిచి అతని ఫోనుకు పంపుతాయి. వాటిని గేదె తొక్కకుండా చూడండి. చెవి పరిశోధన చేసే అమ్మాయి శృతి మీ చెవికి ఇచ్చిన మిషను రోజూ పెట్టుకుని, ఎన్ని గంటలు పెట్టుకున్నారో నోటుపుస్తకంలో రాయండి.

అత్తమ్మకు నా నమస్కారం. ఆమె కట్టిచ్చిన పొట్లం వ్యాను కే.వి.కుప్పం దాటక ముందే ఖాళీ అయింది. మూడు శాఖలు ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం ఇప్పటికి అదొక్కటే.

మీ మేనకోడలు
హేమప్రియ

*

గుడియాత్తం,
2 ఫిబ్రవరి 2025

అమ్మా హేమా,

అందరం బాగున్నాం, నా చెవులు తప్ప. వాటిని మీ కాలేజీకి అప్పజెప్పాం కాబట్టి ఇక అవి మీ పూచీ.

మొలకలు లేచాయి. నాలుగు మడులూ కలిపి ఎనిమిది మంచాలు వేసినంత చోటు. దానికి కాలేజీ ఇచ్చిన కాగితాలు పరిస్తే పది మంచాలు పడతాయి. నలభై ఏళ్ళుగా చెనక్కాయ వేస్తున్నాను, ఇంత రాతపని ఎప్పుడూ లేదు. పోనీలే, మా ఇంటి ఆడబిడ్డ చదువు. రాస్తాను.

నువ్వు చెప్పిన నియమాలు ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి మోటారు కొట్టు తలుపుకు తగిలించాను. మీ అత్తకు చదవడం రాదు గనుక మారికీ ఆమెకూ కలిపి చదివి వినిపించాను. మీ అత్త ఏదో అడిగింది. తలూపాను. ఆడవాళ్ళు అడిగే దానికి సగం జవాబు తలూపడమే అని మా నాయన అనేవాడు, ఆయనకు చెవులు బాగానే ఉండేవి.

చెవి మిషను రోజుకు ఎనిమిది గంటలు తప్పకుండా పెట్టుకుంటున్నాను. నోటుపుస్తకంలో గీతలు గీసి తేదీలవారీగా రాస్తున్నాను. ఆ శృతి అమ్మాయికి చెప్పు, చెంగల్రాయలు మాట ఇస్తే మాటే అని.

కడ్డీలకు చుట్టూ ముళ్ళకంప నాటించాను. గేదె కాదు, ఎమ్మెల్యే వచ్చినా తొక్కలేడు.

ఆశీర్వాదాలతో,
చెంగల్రాయలు

*

వేలూరు,
5 మార్చి 2025

మామకు,

మీ నోటుపుస్తకం ఫోటో శృతి వాళ్ళకు చూపించాను. వాళ్ళ దగ్గర నూట పది మంది పెద్దవాళ్ళు మిషన్లు పెట్టుకుని ఉన్నారట, అంత నీటుగా రాసినవాళ్ళు ఎవరూ లేరట. రోజూ ఎనిమిది గంటలు, ఒక్క నిమిషం తేడా లేదు. నాకు గర్వంగా అనిపించింది. శృతి మాత్రం ఏమీ అనకుండా నవ్వి ఊరుకుంది. ఆ అమ్మాయి స్వభావమే అంత.

నీళ్ళు ఆపి పన్నెండు రోజులైంది. నాలుగో మడిలో ఆకులు మధ్యాహ్నానికి వాలుతున్నాయని మారి కూతురు ఫోటో పంపింది. మూడోది నిటారుగా ఉంది. ఇంత త్వరగా సంతోషపడకూడదని శివప్రకాశం సార్ అంటారు. ఆయన నాకు గైడు, సంతోషపడడం ఆయనకు పెద్దగా అలవాటు లేదు. నేను మాత్రం కొంచెం పడ్డాను.

ఉదయకుమార్‌కు ఒక చికాకు వచ్చింది. మూడో మడిలో కడ్డీ పోయిన శుక్రవారం ఉన్నట్టుండి తేమ పెరిగిందని చూపించింది. వాన లేదు, మబ్బు లేదు. మిగతా మూడు కడ్డీలు మామూలుగానే ఉన్నాయి. కడ్డీలోకి తేమ దూరిందేమో అంటున్నాడు. "తేమ కొలిచే కడ్డీకి తేమ పడకపోతే ఎట్లా?" అని నేను ఎగతాళి చేశాను. అతనికి నవ్వు రాలేదు. ఆలంగాయం మనిషి, హాస్టల్లో ఉంటాడు. చిన్నప్పుడే తల్లి పోయింది. పగలంతా ఆ కడ్డీలతోనే కాపురం.

అత్తమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? బరువులు మోయవద్దని డాక్టరు చెప్పిన మాట గుర్తు చేయండి.

హేమ

*

గుడియాత్తం,
13 మార్చి 2025

అమ్మా హేమా,

మీ అత్త మోకాలు అలాగే ఉంది. బరువులు మోయవద్దని గట్టిగా చెప్పాను. నేను గట్టిగానే చెబుతాను, నాకు వినపడాలి కదా. ఆమె ఏదో జవాబిచ్చింది. మూడో మడి వైపు చెయ్యి చూపించి మరీ చెప్పింది. పైరు బాగుందని అంటున్నట్టుంది. సరే సరే అన్నాను.

నిజంగానే బాగుంది. నాలుగో మడి చూస్తే ఏడుపొస్తుంది. అది నా విత్తనం. మా నాయన కాలం నుంచి దాచుకుంటూ వచ్చిన విత్తనం. ఆకులు చుట్టుకుపోయి, మట్టి పగిలి, నా కళ్ళముందే అట్లా అయిపోతుంటే పక్కన మోటారు పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. రైతు చెయ్యవలసిన పని కాదమ్మా అది. రోజూ పొద్దున ఒకసారి దాని ముందు నిలబడి, తప్పు నాది కాదు, మా మేనకోడలిది అని చెప్పి వస్తాను.

దాని పక్కనే నీ మూడో మడి పచ్చగా నవ్వుతోంది. శుక్రవారాలు నేను గుడియాత్తంలో ఎరువుల కొట్టు దగ్గర కూర్చుని పేపరు చదివి వస్తాను కదా, పోయిన శుక్రవారం అక్కడ నలుగురికీ చెప్పాను. నీళ్ళు లేకుండా బతికే చెనక్కాయ మా హేమ కనిపెట్టింది అని. విత్తనం ఎప్పుడిస్తారని ఇద్దరు అడిగారు. నీ పెళ్ళికి పిలిచినప్పుడు ఇస్తానన్నాను.

ఆ కడ్డీ పిల్లవాణ్ణి దిగులుపడవద్దని చెప్పు. మిషన్లన్నీ అంతే.

చెంగల్రాయలు

*

వేలూరు,
2 ఏప్రిల్ 2025

మామకు,

పోయిన మంగళవారం నేను వచ్చి ఆకులు లెక్కపెట్టి వెళ్ళాక జరిగినవి రాస్తున్నాను. నాలుగో మడిలో సగం మొక్కలు చచ్చిపోయాయి. మూడోది నీళ్ళు పెట్టిన రెండో మడికి ఏమాత్రం తీసిపోలేదు. శివప్రకాశం సార్ నా లెక్కలు మూడుసార్లు చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "బాగుంది" అన్నారు. నాలుగేళ్ళలో ఆయన నోట ఆ మాట రావడం ఇదే మొదలు. ఈ నెల ఇరవై అయిదులోగా సెమినార్‌కు వ్యాసం పంపమన్నారు. అంతేకాదు, వచ్చే వానలకు ఆలంగాయం వైపు మెట్టపొలాల్లో రెండు వందల మంది రైతులకు ఈ విత్తనం ఇచ్చి చూద్దామంటున్నారు. బావుల్లేని పొలాలు అవి.

ఉదయకుమార్ సంగతి బాగాలేదు. మూడో మడి కడ్డీ రెండుసార్లు మార్చాడు. కొత్తది కూడా అదే పాట. ప్రతి శుక్రవారం పొద్దున తేమ ఎక్కుతుంది, బుధవారానికి దిగుతుంది. ఇలాంటి కడ్డీకి డిగ్రీ ఇవ్వలేమని వాళ్ళ గైడు అనేశారు. నిన్న నా గదికి వచ్చి ఒక్క ప్రశ్న అడిగాడు. "చెడిపోయిన మిషను వారం చూసుకుని చెడిపోతుందా?"

నేను నవ్వలేకపోయాను. మామా, తప్పుగా అనుకోవద్దు. మూడో మడికి ఎవరైనా నీళ్ళు పెడుతున్నారా? మీరు మరిచిపోయి ఒకసారి మోటారు అటు తిప్పారా? నేను వచ్చినప్పుడు మంగళవారం, పైమట్టి పొడిగానే ఉంది. కానీ అడగకపోతే నా మనసు కుదుటపడదు.

హేమ

*

గుడియాత్తం,
7 ఏప్రిల్ 2025

హేమప్రియకు,

నీ ఉత్తరం అందింది.

నీ పలక మీద ఓనమాలు దిద్దించింది నేను. నీకు నిజం చెప్పడం నేర్పింది కూడా నేనే అనుకుంటున్నాను. నా సొంత విత్తనం నా కళ్ళెదుట చచ్చిపోతుంటే ఒక చెంబెడు నీళ్ళు పొయ్యలేదు. నీకు మాట ఇచ్చానని. ఇప్పుడు ఎవరో కుర్రవాడు పాతిన ఇనుప కడ్డీ చెప్పిందని నన్ను అడుగుతున్నావు.

మూడో మడికి ఫిబ్రవరి 21 తర్వాత ఒక్క చుక్క పడలేదు. కావాలంటే సంతకం పెట్టి పంపుతాను. ఇదే ఆ సంతకం.

చె. చెంగల్రాయలు

*

వేలూరు,
12 ఏప్రిల్ 2025

మామకు,

తప్పయింది. మీ సంతకం చూశాను. ఇంకెప్పుడూ అడగను.

శివప్రకాశం సార్ కూడా ఇదే అడిగితే, "పొలం చూసేది మా మామ, ఆయన మాట మీద నేను సంతకం పెడతాను" అన్నాను. పెట్టాను. కడ్డీ పనికిరాదని ఉదయకుమార్ గైడు రాసిచ్చేశారు. అతను మూడో కడ్డీ లెక్కలు, శుక్రవారాల తేదీలన్నీ వేసి, ఒక కాగితం మీద రాసి నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. నాకు అక్కరలేదు, మీకే పంపుతున్నాను. చించేయండి.

వ్యాసం ఇరవై నాలుగున పంపుతాను.

హేమ

*

గుడియాత్తం,
19 ఏప్రిల్ 2025

అమ్మా హేమా,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. బస్సు కండక్టరు మన శివలింగం అన్న కొడుకు, అతని చేతికిచ్చి ఈరోజే నీకు అందేట్టు పంపుతున్నాను. నీ వ్యాసం పోకముందే నువ్వు చదవాలి.

నువ్వు చించేయమన్న కాగితం చించలేదు. ముందు కోపంతో చదివాను. ఫిబ్రవరి 28, మార్చి 7, మార్చి 14, అట్లా వరుసగా ఏడు శుక్రవారాలు. శుక్రవారం పొద్దున నేను ఇంట్లో ఉండను. అది ఆ కడ్డీకి ఎట్లా తెలుసు అనుకున్నాను. నిన్న శుక్రవారం గుడియాత్తం పోతున్నానని చెప్పి, బయలుదేరి, మోటారు కొట్టు వెనకాల పోయి కూర్చున్నాను. డెబ్బై ఏళ్ళ వయసులో దొంగను కాపుకాసినట్టు.

మీ అత్త వచ్చింది. చేను గట్టున గంగమ్మ రాయికి పసుపు పెట్టి దీపం వెలిగించింది. తర్వాత తొట్టిలో కడవ ముంచి, ఆ మోకాళ్ళతోనే, మూడో మడికి మోయడం మొదలుపెట్టింది. పద్నాలుగు కడవలు. నాలుగో మడి వైపు తిరిగి కూడా చూడలేదు.

నేను లేచి అరిచాను. ఆమె కూడా అరిచింది. నాకేమీ వినపడలేదు. ఆమె పెదవులు కదులుతున్నాయి, చెయ్యి ఊపుతోంది, నాకు కోపం తప్ప ఏమీ తెలియడం లేదు. చివరికి ఆమె నా రెక్క పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయి, బీరువా తెరిచి, చెవి మిషను పెట్టె తీసి నా చేతిలో పెట్టింది.

పెట్టుకున్నాను. ఆమె చెప్పింది ఇది, అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"ఆడబిడ్డ చేత్తో ఇత్తిన మడి ఎండితే ఆ బిడ్డకు మంచిది గాదని మా అత్త నాకు జెప్పలేదా? ఆ అట్ట జదివిన దినమే నిన్ను అడిగితి గదా, నీళ్ళు నిలిపినాక నేను కడవతో పోస్తా, పర్వాలేదా అని. నువ్వు తలకాయ ఊపినావు. మళ్ళా అడిగితి, సరే సరే అన్నావు. నేనేం దొంగతనంగా పోసినానా? నీ ముందర జెప్పే పోసినాను!"

నిజమే తల్లీ. ఊపాను. నీకు రాసిన ఉత్తరాల్లో కూడా ఊపాననే రాశాను, చూసుకో.

ఇంకొకటి కూడా రాయాలి. ఇది రాయడం ఎక్కువ కష్టంగా ఉంది. ఆ మిషను మీ వ్యాను వెళ్ళిన రోజు ఒక గంట పెట్టుకుని తీసి బీరువాలో పెట్టాను. చెవిలో కాకులు కాపురం పెట్టినట్టుంది. ముసలివాణ్ణని నలుగురికీ చాటింపు వేసినట్టు కూడా ఉంది. నోటుపుస్తకంలో ఎనిమిది గంటలు అని రాసినవన్నీ అబద్ధాలు. నెలకోసారి కూర్చుని ముప్పై రోజులకూ ఒకేసారి రాసేవాణ్ణి. అందుకే అంత నీటుగా ఉంది. నా మాట మీద సంతకం పెట్టావు. నా మాట విలువ అది. ఆ మిషను పెట్టుకుని ఉంటే మీ అత్త అడిగింది మొదటి రోజే వినేవాణ్ణి.

నువ్వు ఏం చేస్తావో నీ ఇష్టం. ఈ సంగతి తెలిసింది మన ముగ్గురికే. కానీ బావుల్లేని ఆ రెండు వందల మంది గురించి నిన్నటి నుంచి అనుకుంటూనే ఉన్నాను. వాళ్ళ ఇళ్ళల్లో శుక్రవారం పద్నాలుగు కడవలు మోసే మీ అత్త రుక్మిణమ్మ ఉండదు. మొయ్యడానికి నీళ్ళూ ఉండవు.

మీ అత్త మీద కోపం పెట్టుకోవద్దు. నా మీద పెట్టుకో.

చెంగల్రాయలు

*

వేలూరు,
30 ఏప్రిల్ 2025

మామకు,

మీ ఉత్తరం అందిన రోజు ఏడ్చాను. కోపం కూడా వచ్చింది, మీ మీద, అత్తమ్మ మీద, గంగమ్మ మీద. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మీరు రాసినట్టు మనం ముగ్గురమే కదా అనుకున్నాను. అనుకున్నానని మీకు చెబుతున్నాను, ఇంకెవరికీ చెప్పను.

మూడో రోజు శివప్రకాశం సార్ బల్ల మీద మీ ఉత్తరం పెట్టాను. ఆయనకు తెలుగు మాటలు అర్థమవుతాయి, అక్షరాలు రావు. నేనే చదివి వినిపించాను, మొత్తం. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "వచ్చే జనవరిలో మళ్ళీ విత్తండి" అన్నారు. అంతే. సెమినార్ లేదు, ఆలంగాయం విత్తనాలు లేవు, నా పీహెచ్‌డీ ఒక ఏడాది వెనక్కి పోయింది. అమ్మకు ఇంకా చెప్పలేదు.

ఉదయకుమార్ దగ్గరికి పోయి, మీ కడ్డీ నిజమే చెప్పింది అన్నాను. ఎగతాళి చేసినందుకు క్షమించమన్నాను. అతను సంతోషపడతాడనుకుంటే, "పద్నాలుగు కడవలేనా? నా లెక్కలో పదమూడున్నర వచ్చింది" అని తల పట్టుకున్నాడు. తర్వాత నవ్వాడు. కడ్డీ పనికిరాదని రాసిచ్చిన కాగితాన్ని వాళ్ళ గైడు చించేశారు. మీ చేలో మేము పెట్టిన వాటిలో నిజం చెప్పింది, అందరం చెడిపోయిందన్న ఆ ఒక్కటే.

శృతికి కూడా చెప్పాను. వాళ్ళకు మార్చిలోనే తెలుసట మామా. ఆ మిషను లోపలే గంటలు లెక్క పడతాయట. అప్పటికి మీది మొత్తం కలిపి ఒక గంట. మరి ఎందుకు అడగలేదంటే, పెద్దాయన బాధపడతారని అంది. అత్తమ్మ చెప్పిందని మీరు తలూపారు, మీరు చెప్పారని నేను సంతకం పెట్టాను, మీరు రాశారని శృతి నవ్వి ఊరుకుంది. ఎవరం ఎవరినీ నొప్పించలేదు. ఏడాది పోయింది.

కోపం ఇప్పుడు లేదు. మూడో మడిలో కాయలు శాస్త్రానికి పనికిరావు, మీరే తినండి. వచ్చే జనవరిలో మళ్ళీ మీ పొలానికే వస్తాను, మీరు ఒప్పుకుంటే. మూడో మడి ఈసారి నేను విత్తను. ఉదయకుమార్ విత్తుతాడు. అతను మన ఇంటి బిడ్డ కాదు కదా, ఎండినా అత్తమ్మకు దిగులుండదు.

హేమ

*

గుడియాత్తం,
9 మే 2025

అమ్మా హేమా,

చెనక్కాయలు పీకాం. మూడో మడివి ఒక సంచి కట్టి కండక్టరు చేతికిచ్చాను. ఆడబిడ్డ విత్తిన మడిలో తొలికాయ ఆమె ఇంటికే పోవాలని మీ అత్త పట్టుబట్టింది. శాస్త్రానికి పనికిరావన్నావు, ఉడకబెట్టి చూశాం, బాగున్నాయి. ఉదయకుమార్‌కు సగం ఇవ్వు. నాలుగో మడిలో బతికిన మొక్కల నుంచి గుప్పెడు కాయలు వచ్చాయి. అవి ఎవరికీ ఇవ్వను. నీళ్ళు లేకుండా నిజంగా కాసినవి అవే, విత్తనానికి దాచాను.

చెవి మిషను పెట్టుకుంటున్నాను. నోటుపుస్తకం కొత్తది మొదలుపెట్టాను. నిన్న రెండు గంటలు, మొన్న గంటన్నర, ఆదివారం సున్న. చూడడానికి ఏమీ నీటుగా లేదు. నలభై రెండేళ్ళ కాపురంలో మీ అత్త ఇంత మాట్లాడుతుందని నాకు తెలియదు. గేదెతో మాట్లాడుతుంది, పొయ్యితో మాట్లాడుతుంది. ఇన్నేళ్ళలో నేను వేటికి తలూపానో తలుచుకుంటే భయంగా ఉంది. ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుంటున్నాను. ఆమెకు ఇప్పుడు కొంచెం సిగ్గుగానూ ఉంది, కొంచెం సంతోషంగానూ ఉంది.

వచ్చే జనవరికి నాలుగు మడులూ నీవే. అయితే ఒక సంగతి. నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను. ఉదయకుమార్ విత్తుతాడు అన్న దగ్గర ఆపమంది. "ఎవురా పిల్లోడు? యాడోడు?" అని అడిగింది. ఆలంగాయం, హాస్టల్లో ఉంటాడు, తల్లి లేదు అని, నువ్వు మార్చిలో రాసింది చెప్పాను. ఆమె "తల్లి లేని బిడ్డ చేత్తో ఇత్తిన మడిని ఎండబెడతారా ఎవురన్నా?" అంది.

మిషను చెవిలోనే ఉంది. స్పష్టంగా వినపడింది. తలూపలేదు. వెంటనే ఈ కాగితం తీసుకున్నాను.

మూడో మడిని ఎవరి చేతా విత్తించవద్దు. మీ కాలేజీలో విత్తే మిషను ఏదైనా ఉంటే వ్యానులో వేసుకుని రండి.

మీ మామ
చెంగల్రాయలు